పట్టా కుంగితే తప్పు ఇనుముది కాదు, కింది నీటిది

గుడివాడ: బెజవాడ నుంచి బందరు పోయే రైలు ఉప్పులూరు దాటి తరిగొప్పుల, ఇందుపల్లి వైపు వచ్చేసరికి కిటికీ పక్కన కూర్చున్నవారికి రెండు వైపులా వరిచేలే కనిపిస్తాయి. బండి పోయేది ఆ చేల మధ్య పోసిన మట్టికట్ట మీద. కట్ట కింద ఉన్నది రాతినేల కాదు, ఎర్రమట్టి కాదు. నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చి, కాలువ నీరు తగలగానే ఉబ్బి, కార్తీకం దాకా ముద్దగా ఉండే నేల. ఈ నేల మీద ఇల్లు కట్టిన ప్రతివారికీ దాని సంగతి తెలుసు. గోడ పగిలితే గోడను తిట్టరు, పునాదిని తిడతారు. రైలు పట్టా సంగతీ అంతే.

బండి ఒకచోట ఊగినా, ఉన్నట్టుండి నెమ్మదించినా "ఇంజను పాడైంది" అనో "డ్రైవరు నిద్రపోతున్నాడు" అనో పెట్టెలో మాట పుడుతుంది. చాలాసార్లు కారణం ఇంజనులో ఉండదు, డ్రైవరులో అసలే ఉండదు. పట్టా ఎక్కడో కుంగి ఉంటుంది. అక్కడ వేగం తగ్గించమని ముందుగానే పలక పాతి ఉంటారు. ఆ పలక తీసేసే రోజు రావాలంటే కట్ట కింద పని జరగాలి.

బెజవాడ-బందరు మధ్య తొలి రైలు మార్గం 1908లో మీటరు గేజిగా వచ్చింది. గుడివాడ నుంచి కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం పోయే దారి 1928లో తెరిచారు. తర్వాత పాత పట్టాలు తీసి బ్రాడ్ గేజి వేశారు. రెండు పట్టాల నడుమ ఎడం మీటరు నుంచి 1,676 మి.మీ.కు పెరిగింది. ఇటీవలి సంవత్సరాలలో బెజవాడ, గుడివాడ, బందరు, భీమవరం, నరసాపురం, నిడదవోలు మధ్య మొత్తం 221 కి.మీ. మేర రెండో లైను, కరెంటు తీగలు కూడా పూర్తయ్యాయి. పట్టా మారింది, స్లీపరు మారింది, ఇంజను మారింది. మారనిది నేల ఒక్కటే.

కంకరను మింగే మట్టి

స్లీపర్ల కింద గుప్పెడంత కంకరరాళ్లు పరచడం అందానికి కాదు. బండి బరువును ఆ రాళ్లు ఒకదాని నుంచి మరొకదానికి పంచి కట్ట మీద పలచగా మోపుతాయి. రాళ్ల సందుల్లోంచి వాననీరు ఇట్టే జారిపోవాలి. కంకర శుభ్రంగా, వదులుగా, సందులతో ఉన్నంతకాలం పట్టా ఆరోగ్యంగా ఉన్నట్టే.

నల్లరేగడి కట్ట మీద ఈ ఏర్పాటు చెడిపోయే తీరు చూడవలసిందే. వానకు కట్ట పైభాగం మెత్తబడుతుంది. బండి చక్రం పోయిన ప్రతిసారీ స్లీపరు రాళ్లను కిందికి నొక్కుతుంది. రాయి బురదలో దిగబడుతుంది. రాయి దిగినచోట బురద పైకి లేస్తుంది. నారుమడి తొక్కుతుంటే కాలివేళ్ల సందుల్లోంచి బురద పైకి ఎగజిమ్మినట్టు, చక్రం పోయినప్పుడల్లా కంకర సందుల్లోంచి నల్లని చిక్కటి నీరు చిమ్ముతుంది. ఎండిన తర్వాత అదే బూడిదరంగు పూతలా స్లీపరు పక్కలకు అంటుకుని ఉంటుంది. ఆ పూత కనిపించిందంటే అక్కడ పట్టా జబ్బు పడిందని గ్యాంగులో పనిచేసిన ఎవరైనా చెప్పగలరు.

ఇక్కడ సామాన్యంగా చేసే వైద్యం, మీద మరికొంత కంకర పోసి స్లీపరు కింద కూరడం. అది నాలుగు రోజుల ఉపశమనం. పోసిన కంకరా కిందికే పోతుంది. ఏళ్ల తరబడి ఇలా పోస్తూ వస్తే కట్టలోపల రాళ్లు గిన్నెలాగా కుంగి కూర్చుంటాయి. ఆ గిన్నెలో వాననీరు నిలుస్తుంది. బయటికి పోయే దారి ఉండదు. అంటే ఏ నీటిని పంపించడానికి కంకర పోశారో ఆ నీటికే చెరువు తవ్విపెట్టినట్టవుతుంది.

అసలు వైద్యం నీటికి దారి చూపడమే. కట్ట అంచుల్లో పేరుకున్న మట్టిని చెక్కి, అడ్డంగా కాలువలు తీసి, వాటిని రాళ్లతో నింపి నీరు బయటికి దింపాలి. రోగం ముదిరినచోట పట్టా విప్పి, మట్టికీ కంకరకూ మధ్య గరుసు ఇసుక లేదా మొరం పొర దట్టంగా పరుస్తారు. బురద ఆ పొరను దాటి పైకి రాలేదు, రాయి దాన్ని దాటి కిందికి పోలేదు. సున్నపునీరు కట్టలోకి ఎక్కించి మట్టి ఉబ్బే గుణాన్ని తగ్గించే పద్ధతీ ఉంది. రేగడి నేలలో ఇంటి పునాది గుంట నిండా ముందు ఇసుక పోసి తడిపే మన మేస్త్రీలకు ఇందులో కొత్త ఏమీ లేదు.

తాడు, కొలబద్ద, మోకాళ్లు

పట్టాలో లోపం కంటికి కనిపించేనాటికి ఆలస్యమైనట్టే. అందుకే కొలతలు. మొదటిది ఎడం. రెండు పట్టాల నడుమ ఇనుప కొలబద్ద పెట్టి చూస్తారు. ఎడం పెరిగితే చక్రం లోపలికి జారుతుంది, తగ్గితే అంచు రాసుకుంటుంది. అదే కొలబద్ద మీద ఉన్న నీటిమట్టంతో రెండు పట్టాల ఎత్తు చూస్తారు. తిన్నని దారిలో రెండూ సమానంగా ఉండాలి. వంపులో బయటి పట్టా లోపలి దానికన్నా ఎత్తుగా ఉండాలి. సైకిలు మలుపు తిప్పే కుర్రవాడు లోపలికి వాలినట్టు బండిని లోపలికి వాల్చడానికే ఆ ఎత్తు.

ఎత్తులో కొంచెం తేడా ఉన్నా అది సాగినంత దూరం ఒకేలా సాగితే బండి సర్దుకుంటుంది. ప్రమాదం ఎక్కడంటే, ఒక గజం దగ్గర ఎడమ పట్టా కుంగి, నాలుగు గజాలు పోగానే కుడి పట్టా కుంగినచోట. ఎగుడుదిగుడు నేల మీద వేసిన మంచానికి ఒక కోడు గాలిలో తేలినట్టు, పెట్టె నాలుగు చక్రాలలో ఒకటి తేలికపడుతుంది. తేలికపడిన చక్రం పట్టా అంచును పట్టుకుని పైకి పాకుతుంది. బండి పట్టా తప్పడమంటే చాలావరకు ఇదే. ఆ మెలిక కొన్ని మిల్లీమీటర్లలోనే ఉండవచ్చు.

వంపు సరిగా ఉందో లేదో చూడటానికి తాడు చాలు. 20 మీటర్ల తాడును పట్టా లోపలి అంచుకు రెండు కొసలా ఆనించి లాగి పట్టి, సరిగ్గా మధ్యలో తాడుకూ పట్టాకూ ఎంత ఎడం ఉందో కొలుస్తారు. వంపు వ్యాసార్ధం 1,000 మీటర్లయితే ఆ ఎడం 50 మి.మీ. రావాలి. వంపు పొడుగునా ఇదే లెక్క రావాలి. ఒకచోట 50, తర్వాత 65, ఆ తర్వాత 38 వచ్చిందంటే పట్టా పక్కకు జరిగిందన్నమాట. పెట్టెలో కూర్చున్నవారి భుజాలు ఒకరికొకరికి తగిలేది అక్కడే.

కొలతలన్నిటికన్నా పాతది మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనించేంత వంగి, పట్టా పైఅంచు వెంట దూరంగా చూడటం. నిలబడినవాడికి తిన్నగా కనిపించే పట్టా వంగి చూసినవాడికి అలలుగా కనిపిస్తుంది. గట్టు తిన్నగా ఉందో లేదో రైతు చూసే చూపే ఇది. కొలతలు తీసే బండ్లు, స్లీపర్ల కింద కంకర కూరే పెద్ద యంత్రాలు వచ్చాయి. పనిచేసేవారిని ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్లు అంటున్నారు. మన ఊళ్లలో మాత్రం గ్యాంగ్‌మన్ అనే మాట పోలేదు.

బందరు ఎండ, బందరు ఉప్పు

ఇనుము ఎండకు సాగుతుంది. వెనుకటి రోజుల్లో 13 మీటర్ల పట్టాలను ఫిష్ ప్లేట్లతో, బోల్టులతో అతికించి, అతుకు అతుకుకూ చిన్న సందు వదిలేవారు. 30 డిగ్రీల వేడి పెరిగితే 13 మీటర్ల పట్టా దాదాపు నాలుగున్నర మి.మీ. సాగుతుంది. ఆ సందు అందుకే. బండిలో వినిపించే టకటక చప్పుడు ఆ సందులదే. 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినిపిస్తే బండి గంటకు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. గడియారం ఉన్న ప్రయాణికులకు అది మంచి కాలక్షేపం.

ఆ అతుకే పాత పట్టాకు పెద్ద బలహీనత కూడా. చక్రం సందు మీద పడిన ప్రతిసారీ దెబ్బ. దెబ్బకు అతుకు కింద కంకర నలుగుతుంది, స్లీపరు కుంగుతుంది. కుంగిన అతుకు మీద మరుసటి దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. అందుకే ఇప్పుడు పట్టాలను కరిగిన లోహంతో అతికించి కిలోమీటర్ల పొడుగున ఒకే పట్టాగా చేశారు. టకటక పోయింది. కానీ ఇనుముకు సాగే గుణం పోదుగదా. కట్టేయకుండా వదిలితే కిలోమీటరు పట్టా 30 డిగ్రీలకు 34 సెంటీమీటర్లకు పైగా సాగాలి. సాగనివ్వకుండా బరువైన సిమెంటు స్లీపర్లు, వాటిని పట్టుకున్న క్లిప్పులు, చుట్టూ కంకర బిగించి పడతాయి. మే నెల మధ్యాహ్నం ఆ పట్టులో ఎక్కడ వదులు దొరికితే అక్కడ పట్టా పాములా పక్కకు వంకర తిరుగుతుంది. ఎండలో గొడుగు లేకుండా లైను వెంట నడిచే మనిషిని చూసి జాలిపడేవారు, అతను నడవవలసింది ఆ గంటల్లోనే అని గ్రహించాలి. చలికాలం ఇది తిరగబడుతుంది. తెల్లవారుజామున పట్టా ముడుచుకుని, ఎప్పటి నుంచో ఉన్న వెంట్రుకవాసి చీలిక దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకని డిసెంబరు, జనవరిలో తెల్లవారకముందే నడక.

పెడన దాటి చిలకలపూడి, బందరు వచ్చేసరికి మరో శత్రువు తోడవుతుంది. సముద్రపు గాలి. పట్టా తల మీద చక్రాలు తిరుగుతుంటాయి గనుక అది మెరుస్తూనే ఉంటుంది. తుప్పు పట్టేది పట్టా అడుగున, క్లిప్పు కింద, బోల్టు మెడలో, అంటే కంటికి ఆననిచోట. క్లిప్పులు ఊడదీసి, తుప్పు గీకి, గ్రీజు పూసి మళ్లీ వేయడం ఇక్కడ తప్పని చాకిరి. పట్టా లోపలి చీలికలను శబ్ద తరంగాలు పంపే పరికరంతో కనిపెడతారు. గర్భిణులకు ఆసుపత్రిలో చేసే స్కానింగుకూ దీనికీ సూత్రం ఒకటే.

బల్ల మీది బొమ్మ రైలు

ఈ జబ్బులన్నీ చిన్న రూపంలో చూడాలంటే కరెంటుతో నడిచే బొమ్మ రైలు చూడాలి. ప్రపంచంలో ఎక్కువగా ఆడే బొమ్మ రైలు అసలు రైలులో 87వ వంతు ఉంటుంది. దాని పట్టాల ఎడం పదహారున్నర మి.మీ. ఇలాంటివి కొన్నవారికి మొదటి వారం ముచ్చట, రెండో వారం విసుగు. బండి ఆగిపోతుంది, పట్టా తప్పుతుంది, సామాను అటకెక్కుతుంది.

ఆగిపోయేదానికి కారణం ముక్కాలు మూడువంతులు మురికి. బొమ్మ రైలుకు కరెంటు పట్టాల్లోంచే చక్రాలకు ఎక్కుతుంది. పట్టా మీదా చక్రం మీదా దుమ్ము, నూనె కలిసి నల్లటి పొర కడితే కరెంటు అందదు. స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దకూడదు. గీతలు పడి, ఆ గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది. తుడిచినా ఒకేచోట ఆగుతుంటే అక్కడ పట్టాల అతుకు వదులైందని అర్థం.

పట్టా తప్పేదానికి ఒక గట్టి గుర్తు ఉంది. ఒకే పెట్టె అన్నిచోట్లా పడుతుంటే తప్పు పెట్టెది. దాని చక్రాల ఎడం చూడాలి. అన్ని పెట్టెలూ ఒకేచోట పడుతుంటే తప్పు పట్టాది. అక్కడ అతుకులో మెట్టు ఉందేమో వేలితో తడిమి చూడాలి, బల్ల మెలి తిరిగిందేమో చూడాలి. మన డెల్టా గాలి తేమకు చెక్కబల్ల వానాకాలంలో ఉబ్బుతుంది. ఉబ్బిన బల్ల మీద బొమ్మ పట్టా చేసేది, ఉబ్బిన రేగడి మీద అసలు పట్టా చేసేదే. పెద్ద రైలు పట్టా తప్పినప్పుడు కూడా విచారణకు వచ్చినవారు పట్టాను ఒకవైపు, చక్రాలను మరోవైపు కొలిచేది ఈ గుర్తు కోసమే.

వాన రాత్రి

బొమ్మ రైలు పడితే మళ్లీ ఎత్తి పెట్టవచ్చు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు పోతున్న డెల్టా ప్యాసింజరు నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర నీళ్లలో పడింది. ఎగువన చెరువు తెగి, వరద వచ్చి, చిన్న వంతెన దగ్గర కట్టను కోసుకుపోయింది. పట్టా ఉంది, దాని కింద నేల లేదు. వందమందికి పైగా చనిపోయారు. రేపల్లె అంటే కృష్ణ దాటితే వచ్చే ఊరు. దివిసీమవారికి దగ్గరి రైలు స్టేషన్లలో అదొకటి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరదకు కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు దండెం మీద తాళ్లలా వేలాడాయి. ఆ దారిలో బండ్లు నిలిచిపోయాయి.

వానాకాలం రాత్రిళ్లు లైను వెంట మనుషులు నడవడం ఇందుకే. లాంతరు లేదా టార్చి, ఎర్రజెండా, సంతకాల పుస్తకం, డబ్బాలో టపాసుల్లాంటి డిటొనేటర్లు. కట్ట కోసుకుపోయినచోటు కనిపిస్తే బండి వచ్చే వైపు పరుగెత్తి, 1,200 మీటర్ల దూరాన పట్టా మీద పది మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు బిగించాలి. చక్రం కింద అవి పేలితే డ్రైవరు బండి ఆపుతాడు. అంత దూరం ఎందుకంటే వేగంగా వచ్చే బండి బ్రేకు వేసినా కిలోమీటరు దాకా జారుకుంటూ వస్తుంది. పాము, వాన, చీకటి ఒకపక్క, కిలోమీటరు పరుగు ఒకపక్క. ఈ ఉద్యోగం గురించి పెళ్లి చూపుల్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. రైలు ఎక్కిన ప్రతివారి ప్రాణమూ ఆ మనిషి కళ్లలో ఉంటుంది.

లైను పక్క ఊళ్లవారు కూడా బండిని ఆపగలరు. కట్ట జారినా, పట్టా విరిగినా, పట్టా కింద నీరు సుళ్లు తిరుగుతున్నా, పగలైతే బండికి ఎదురుగా దూరంగా వెళ్లి, లైనుకు పక్కన నిలబడి ఎర్రగుడ్డ ఊపాలి. గుడ్డ లేకపోతే రెండు చేతులూ తల మీదికి ఎత్తి పట్టుకోవాలి. రాత్రయితే ఏ దీపమైనా సరే, సెల్‌ఫోను వెలుగైనా సరే, అటూ ఇటూ గట్టిగా ఊపాలి. డ్రైవర్లకు నేర్పిన గుర్తులు ఇవే. దగ్గర గేటుమనిషికో స్టేషను మాస్టరుకో చెప్పాలి. రైల్వేవారి ఫోను 139.

ఊరివారి చేతిలో ఉన్నది

కట్టకు హాని చేసేది వానొక్కటే అయితే బాగుండును. కట్ట అడుగున మట్టి తవ్వి దొడ్లోకి తోలుకుంటే కట్ట పాదం పోతుంది. అలా తవ్విన కట్ట ఆ ఏడు నిలిచినా పై ఏడు వానకు జారుతుంది. లైను కింద ఉన్న తూములకు చేపల కోసం మావులు, వలలు అడ్డం పెడితే గడ్డి, గుర్రపుడెక్క వచ్చి చిక్కుకుని తూము మూసుకుంటుంది. ఎగువ నీరు పెరిగి కట్ట మీదికి వస్తుంది. కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువులు కట్టను ఆనుకుని ఉన్నచోట సంవత్సరం పొడుగునా కట్ట అడుగు ఆరదు. చెరువు గట్టుకూ రైలుకట్టకూ నడుమ నీరు పోయే బోదె ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఎడ్లబండో ట్రాక్టరో దాటించడానికి గేటు లేనిచోట పట్టాల మధ్య మట్టి పోస్తే ఆ మట్టి కంకర సందుల్లో దిగి, వానకు అక్కడ మొదటి బురద గుంట తయారవుతుంది.

కొత్తగా జాగ్రత్త పడవలసింది పైన ఉన్న తీగ గురించి. అందులో 25,000 వోల్టుల కరెంటు ఉంది. దాన్ని తాకనక్కరలేదు, దగ్గరికి పోతే చాలు. పచ్చి వెదుళ్లు, బోరు పైపులు, చేపల చెరువుల ఇనుప గొట్టాలు నిలబెట్టి లైను దాటించకూడదు. పడుకోబెట్టి మోయాలి.

దివిసీమకు పట్టా వేస్తే

అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఇప్పటికీ రైలు లేదు. బందరు నుంచి రేపల్లెకు లైను వేయమని దశాబ్దాలుగా అడుగుతున్నారు. వేస్తే బందరు స్టేషను దారి చివర కాకుండా దారి మధ్య అవుతుంది, దివివారికి ఇంటి దగ్గర బండి దొరుకుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయిన సీమ ఇది. బయటి సాయం చేరడానికి పట్టిన కాలం పెద్దవారికి గుర్తుంది.

అయితే ఆ దారి పడేది డెల్టాలోకెల్లా మెత్తని నేల మీద. పైన రేగడి, కింద ఇసుక, దాని కింద ఉప్పునీరు. కృష్ణ మీద పొడవైన వంతెన ఒకటి, మురుగుకాలువల మీద చిన్న వంతెనలు అనేకం కావాలి. కట్ట ఎత్తు ఉప్పెన నీటిని చూసుకుని వేయాలి. అంతకన్నా ముఖ్యం, ఆ కట్ట ఆనకట్టలా నిలబడి ఎగువ పొలాల వాననీటిని ఆపకుండా తూములు చాలినన్ని పెట్టాలి. మట్టి పోసి పొరపొరకూ రోలరుతో అణచి, మీద గరుసు ఇసుక పొర పరచి, అప్పుడు కంకర పోయాలి. పూర్వం అయితే కట్ట పోసి ఒకటి రెండు వానాకాలాలు ఊరికే వదిలేసేవారు. కుంగవలసినంతా కుంగిన తర్వాతనే పట్టా వేసేవారు.